ముంగాళ్లు మడిచే విద్య

అడ్డుకర్ర మీదుగా దూకిన గుర్రం క్షేమంగా దిగుతుందా లేదా అన్నది చాలావరకు దాని ముంగాళ్ల మీద ఆధారపడి ఉంటుంది. దూకు బాగున్నప్పుడు జబ్బ ముందుకూ పైకీ కదులుతుంది. మోకాళ్లు రొమ్ము ఎత్తుకు వస్తాయి. మోకాలి కింది భాగం మడతపడి గిట్టలు మోచేతుల దగ్గరికి చేరతాయి. రెండు కాళ్లూ ఒకే ఎత్తులో, ఒకే వేళకు ఈ పని చేస్తాయి. దూకు చెడినప్పుడు లోపాలు రకరకాలుగా కనిపిస్తాయి. ఒక కాలు మడిచి రెండోది వేలాడేసే గుర్రాలున్నాయి, రెంటినీ పక్కలకు విసిరేవి ఉన్నాయి, గిట్టలు మడిచినా మోకాళ్లను నేలవైపే ఉంచేవి ఉన్నాయి. ఈ చివరిది అన్నిటికన్నా ప్రమాదకరం. మోకాళ్లు కిందికి ఉన్న గుర్రం కదలని అడ్డాన్ని ముంగాలి పై భాగంతో తాకితే కాలు అక్కడే ఆగిపోతుంది, వెనక నుంచి వచ్చే ఒంటి వేగం ఆగదు. గుర్రం తలకిందులుగా తిరిగి పడుతుంది, రౌతు దాని కింద పడతాడు. ముంగాళ్ల తీరును న్యాయనిర్ణేతల మార్కుల కోసం పట్టించుకునే అందచందాల విషయంగా చూడటం అందుకే తప్పు. ప్రాణాలకు సంబంధించిన విషయం ఇది.

ఈ లోపం గురించి గుర్రాలవాళ్లలో పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. ముంగాళ్ల తీరు పుట్టుకతో వచ్చేదే, సాధనతో మారదు. మార్చి తీరాలంటే కర్ర ఎత్తు పెంచాలి. అప్పటికీ మారకపోతే కర్ర దెబ్బ కాళ్లకు తెలియాలి. వినడానికి ఇవి మూడు వేరువేరు మాటలు, పుట్టింది మాత్రం ఒకే నమ్మకంలోంచి. కాలు ఎత్తడమూ ఎత్తకపోవడమూ గుర్రం రక్తంలోనో దాని మొండితనంలోనో ఉందనీ, నేర్పేవాడి పనిలో లేదనీ ఆ నమ్మకం చెబుతుంది. అది తప్పు. ఊరికే తప్పయి ఉంటే వదిలేయవచ్చు. దాని మూలంగా బాగుపడగల గుర్రాలు పనికిరానివిగా ముద్రపడి అమ్ముడుపోతున్నాయి, మరికొన్ని దెబ్బలు తింటున్నాయి. కరీంనగర్, ఆదిలాబాద్ వంటి జిల్లాల్లో ఈ నమ్మకం చేసే నష్టం ఇంకా ఎక్కువ. ఇక్కడ దూకు కోసం ప్రత్యేకంగా పెంచిన గుర్రాలు దొరకవు. ఉన్న గుర్రానికే నేర్పుకోవాలి. నేర్పడం కుదరదంటే ఈ ప్రాంతానికి ఆ విద్యే లేదని తలుపు మూసినట్టు.

ముందుగా శరీరం సంగతి. మనిషికి భుజాన్ని రొమ్ముకు కలిపే కాలర్‌బోన్ ఉంటుంది, గుర్రానికి లేదు. దాని మొండెం రెండు ముంగాళ్ల నడుమ కండరాల పట్టీల మీదే వేలాడుతుంది. నిలబడ్డ గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముంగాళ్ల మీద ఉంటుంది. ఆ బరువును పైకి లేపి మూపును ఎత్తాల్సింది ఈ కండరాలే. కండరం పని పెడితే పెరుగుతుంది, పెట్టకపోతే తరుగుతుంది. ముందు ఒళ్లు లేవడం కండరాల పని అయినప్పుడు అది పుట్టుకతోనే తేలిపోయిందనడానికి ఆధారం మొదట్లోనే సడలిపోతోంది.

దూకే క్షణంలో జరిగేది చూస్తే అసలు కారణం ఇంకా స్పష్టమవుతుంది. చివరి అంగలో ముంగాళ్లు ఒకదాని వెంట ఒకటి నేలను తన్ని ముందు ఒంటిని పైకి లేపుతాయి. అవి నేల విడిచాక వెనక కాళ్లు ఒంటి కిందికి వచ్చి దాదాపు జంటగా మోపి తన్నుతాయి. ముంగాళ్లు మడిచే పని ఈ కొద్ది వ్యవధిలో పూర్తికావాలి. దూకు పోటీల్లో సాధారణమైన వేగం నిమిషానికి 350 మీటర్లు అనుకుంటే సెకనుకు 5.8 మీటర్లు. లేవాల్సిన చోటు దాటి అడ్డానికి 60 సెంటీమీటర్లు మరీ దగ్గరగా వచ్చి లేచిన గుర్రం సెకనులో పదో వంతు పోగొట్టుకుంటుంది. మోకాలు పైకి వచ్చి గిట్ట మడతపడటానికి ఉన్న సమయమే అత్యల్పం, అందులోంచి ఇంత పోతే ఎంత వాలు జబ్బ ఉన్న గుర్రమైనా కాలు వేలాడేస్తుంది. మరీ దూరంగా లేచిన గుర్రం కర్రను అందుకోవాలని కాళ్లు ముందుకు చాపుతుంది, మడవదు. బరువంతా ముందుకు తోసుకుని ఉరికి వచ్చిన గుర్రం ముంగాళ్లు నేలను వదిలించుకోవడానికే ఆలస్యమవుతుంది. మూడు సందర్భాల్లోనూ లోపం కనిపించేది ముంగాళ్లలో, పుట్టింది అంతకు ముందటి మూడు నాలుగు అంగల్లో. కర్ర మీద ఉన్న గుర్రాన్ని ఫోటో తీసి కాళ్ల మీద తీర్పు చెప్పేవాళ్లు ఆ అంగలను చూడరు. అక్కడే వాళ్ల తర్కం దారి తప్పుతుంది.

పుట్టుక వాదంలో నిజమున్న మేరకు ఒప్పుకోవాలి. జబ్బ పొడుగ్గా, వాలుగా ఉన్న గుర్రానికి మోకాలు పైకి తేవడం తేలిక, పొట్టిగా నిట్టనిలువుగా ఉన్నదానికి కష్టం. ఐరోపాలో వార్మ్‌బ్లడ్ జాతులను పెంచేవాళ్లు లేత గుర్రాలను రౌతు లేకుండా దూకించి ముంగాళ్ల తీరు చూసి ఎంపిక చేస్తారు, ఆ ఎంపిక తరతరాలుగా ఫలితం ఇచ్చింది కూడా. ఒకదానికి తేలిక, ఇంకోదానికి కష్టం అన్నది వాస్తవం. దాన్నుంచి 'మారదు' అనే తీర్పుకు రావడం మాత్రం ఆధారం లేని దూకు.

ఈ వాదానికి మద్దతుగా చూపదగ్గ పరిశోధన ఒకటుంది. నెదర్లాండ్స్‌లో డచ్ వార్మ్‌బ్లడ్ పిల్లల మీద జరిగిన ఆ పని 2005లో వెలువడింది. కొన్ని పిల్లలకు ఆరు నెలల వయసు నుంచే దూకడం అలవాటు చేశారు, తక్కినవాటికి చేయలేదు. మూడేళ్లు నిండాక అన్నిటికీ ఒకే శిక్షణ ఇచ్చారు. నాలుగేళ్ల వయసులో ముందే నేర్చినవి మెరుగ్గా దూకాయి. ఐదేళ్లు వచ్చేసరికి ఆ తేడా మిగల్లేదు. చిన్నప్పటి శిక్షణ నిలవలేదు కనుక తీరు పుట్టుకదేనని దీన్నుంచి తేల్చేవాళ్లు ఒక సంగతి మరచిపోతున్నారు. తేడా చెరిగేలోపు రెండో గుంపు గుర్రాలకు కూడా ఏడాదికి పైగా శిక్షణ అందింది. ఆ పరిశోధన చెప్పింది ఒకటే, తొందరపడి పసివయసులో మొదలుపెట్టినంత మాత్రాన శాశ్వతమైన లాభం లేదని. ఎదిగిన గుర్రానికి నేర్పినా రాదని అది ఎక్కడా చెప్పలేదు. ఆలస్యంగా పగ్గం చేతికి వచ్చిన వాళ్లకు నిజానికి అది ధైర్యం చెప్పే మాట.

తెలంగాణ తబేలాల్లో పుట్టుక వాదానికి రోజూ వినిపించే ఉదాహరణలు రెండు. మొదటిది పందెపు గుర్రం. హైదరాబాద్ స్వారీ పాఠశాలల్లో కొత్తవాళ్లు ఎక్కే గుర్రాల్లో చాలా వాటి వెనక మలక్‌పేట రేస్‌కోర్సు లాంటి మైదానాల గతం ఉంటుంది. అవి థరోబ్రెడ్ జాతి గుర్రాలు, పందేల నుంచి దిగిపోయినవి. అవి ముంగాళ్లు నేలకు దగ్గరగా చాచి పరుగెడతాయి, దూకేటప్పుడు కూడా అదే తీరు కనబరుస్తాయి, కనుక ఆ రక్తమే అంత అంటారు. ఆ తీరు ఎక్కడ నుంచి వచ్చిందో ఎవరూ అడగరు. పందెపు గుర్రం రెండేళ్ల వయసుకే పరుగులోకి దిగుతుంది. తల కిందికి చాచి, కళ్లెం మీద వాలి, బరువును ముందుకు వేసి, ఆరేడు మీటర్ల అంగలతో సాగడమే దానికి ప్రతి ఉదయం నేర్పే పాఠం. అంగ పొట్టి చేసి వెనక కాళ్ల మీద బరువు కూడదీసుకోమని దాన్ని ఎవరూ ఒక్కనాడూ అడగలేదు. కాబట్టి వాలిన ముందు ఒళ్లు అన్నది రక్తం ఒక్కటే ఇచ్చింది కాదు, ఏళ్ల తరబడి చేసిన సాధన ఫలం. ఒక సాధన తెచ్చినదాన్ని ఇంకో సాధన మార్చగలదు. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో వ్యక్తిగత, జట్టు దూకు పోటీలు రెంటిలోనూ బంగారు పతకం తెచ్చిన టచ్ ఆఫ్ క్లాస్ అనే ఆడగుర్రం థరోబ్రెడ్డే. పందేల్లో గెలవలేక దూకు వైపు వచ్చిన గుర్రం అది.

రెండో ఉదాహరణ పెళ్లి గుర్రం. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్ వైపు బరాత్‌లలో బ్యాండుకు తగ్గట్టు మోకాళ్లు రొమ్ముదాకా ఎత్తి ఆడే గుర్రాలు అందరూ చూసినవే. మార్వాడీ, కాఠియావాడీ రక్తం కలిసిన ఇలాంటి గుర్రాల బేరాలు ఆదిలాబాద్ హద్దు దాటితే వచ్చే నాందేడ్ జిల్లాలో మాలేగావ్ ఖండోబా జాతరలో పెద్ద ఎత్తున జరుగుతాయి. అక్కడ కొనేవాడు ముందు ఒంటి మీది వెంట్రుకల సుడులు చూస్తాడు, తర్వాత మోకాలి ఎత్తు చూస్తాడు. మోకాలు అంత ఎత్తే గుర్రం అడ్డుకర్ర కూడా అలాగే దాటుతుందని, అది దాని పుట్టుక లక్షణమని గట్టి నమ్మకం. ఇది రెండు విధాల తప్పు. మొదటిది, ఆ ఆట చాలావరకు నేర్పిందే. తల పైకి బిగించి కట్టి, కాళ్లను కర్రతో తట్టి, చాలా చోట్ల ముళ్ల కళ్లెం వేసి నేర్పుతారు. ముళ్ల కళ్లేన్ని బరువులు మోసే, లాగే జంతువుల విషయంలో 1965 నాటి నియమాలు నిషేధించాయి. రెండోది, నిలువుగా మోకాలు ఎత్తే ఆ కదలికలో తల వెనక్కి, వెన్ను కిందికి పోతాయి. దూకులో కావలసింది దీనికి సరిగ్గా ఎదురు: మెడ ముందుకు కిందికి చాచాలి, వెన్ను పైకి గుండ్రంగా రావాలి, జబ్బ ముందుకు కదలాలి. బరాత్‌లో రొమ్ముదాకా మోకాలు తెచ్చిన గుర్రం అడుగున్నర ఎత్తు కర్ర మీద గిట్టలు వేలాడేయడంలో వింతేమీ లేదు.

పుట్టుకకు తిరుగులేదనే వాదానికి తోడుగా పాత శాస్త్రాలను కూడా సాక్ష్యం పిలుస్తుంటారు. సుడుల లక్షణాలు చెప్పిన అశ్వశాస్త్రాలు ఉన్నమాట నిజం. అదే సంప్రదాయంలో కౌటిల్యుని అర్థశాస్త్రం అశ్వాధ్యక్షుడి అధ్యాయంలో లంఘనాన్ని గుర్రానికి చేయించాల్సిన సాధనల్లో చేర్చి, కపిప్లుతం, భేకప్లుతం అంటూ దాని రకాలు కూడా విడదీసి చెప్పింది. దూకును నేర్పే విద్యగా చూడటం పరాయి ఆలోచన కాదు.

ఎత్తు వాదం మీద ఎక్కువ సేపు ఆగనవసరం లేదు. కర్ర పెంచితే గుర్రం జాగ్రత్తపడి కాళ్లు ఎత్తుతుందంటారు. ఒకటి రెండుసార్లు అలాగే జరుగుతుంది కూడా, అందుకే ఈ నమ్మకం చావదు. తర్వాత జరిగేది వేరు. లేచే చోటు తెలియని గుర్రానికి ఎత్తు పెరిగిన ప్రతిసారీ మిగిలే సమయం తగ్గుతుంది. కాళ్లు కర్రకు తగులుతాయి, నొప్పి పుడుతుంది. దాంతో కొన్ని గుర్రాలు ఆగిపోతాయి, కొన్ని త్వరగా వదిలించుకోవాలని ఉరుకుతాయి, ఉరికితే లేచే చోటు ఇంకా దగ్గరవుతుంది. మరీ తక్కువ ఎత్తు మీద ఒడుపున్న గుర్రం కూడా కాళ్లు పూర్తిగా మడవదు, అవసరం లేదు కనుక. ఆ సంగతి నిజమే. తీరు కుదిరాక పది సెంటీమీటర్ల చొప్పున పెంచడానికి అది కారణం అవుతుంది, తీరు కుదరక ముందే పెంచడానికి కాదు.

దెబ్బ వాదం మాత్రం అలా వదిలేసేది కాదు. గుర్రం కర్ర మీద ఉన్నప్పుడు పక్క నుంచి కర్రను పైకి లేపి ముంగాళ్లకు తగిలించడం, కర్ర మీద ఇనుప కడ్డీ కట్టడం ప్రపంచమంతటా జరిగిన పనులే. 1990లో జర్మనీలో ఇది వీడియోతో సహా బయటపడి దేశమంతా దుమారం లేచింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ దూకు పోటీల్లో నాలుగు గుర్రాల ఒంట్లో క్యాప్సైసిన్ బయటపడింది. మిరపకాయకు ఘాటు ఇచ్చే పదార్థమది. నొప్పి తగ్గించడానికీ పనికొస్తుంది, కాళ్ల చర్మాన్ని మంటెక్కించి కర్ర తగిలితే భరించలేనట్టు చేయడానికీ పనికొస్తుంది. ఆ పరీక్ష వల్ల నార్వే జట్టు కాంస్య పతకం కోల్పోయింది. కాళ్లను ఇలా సున్నితం చేయడాన్ని అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య నిషేధించింది. భారతదేశంలో జంతువును కొట్టి అనవసరంగా బాధపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం.

చట్టం పక్కన పెట్టి ఫలితమే చూద్దామన్నా దెబ్బ నిలవదు. గుర్రం తన కదలికను బట్టి కర్ర తగలడమో తగలకపోవడమో జరిగితే నేర్చుకుంటుంది. మనిషి చేత్తో లేపిన కర్ర అది సరిగ్గా దూకినా తగులుతుంది. ఏ తప్పుకు నొప్పి వచ్చిందో తెలుసుకునే దారి దానికి ఉండదు. మిగిలేది భయం. భయపడ్డ గుర్రం తల పైకెత్తుతుంది, వెన్ను కుంగదీస్తుంది, కర్రకు చాలా పైనుంచి ఒళ్లు మెలితిప్పి దూకుతుంది. ఆ ఎత్తు చూసి పని జరిగిందని సంబరపడేవాళ్లు దిగేటప్పుడు ఒక్క ముంగాలి మీద పడే భారాన్ని లెక్కలోకి తీసుకోరు. దెబ్బ జ్ఞాపకం తగ్గగానే పాత తీరే తిరిగి వస్తుంది, ఎందుకంటే లేచే చోటూ బలమూ అలాగే ఉన్నాయి. అప్పుడు ఇంకా పెద్ద దెబ్బ కావాలి. ఈ దారికి చివర లేదు. నోరులేని జీవి ఒంటి మీద ఇంత అన్యాయం, అదీ పని చేయని పద్ధతి కోసం చేయడాన్ని ఏ సంప్రదాయం పేరుతోనూ సమర్థించడానికి వీల్లేదు.

పనిచేసే పద్ధతి కర్ర దగ్గర కాక చదును నేల మీద మొదలవుతుంది. నడక నుంచి ట్రాట్ అనే మధ్యరకం పరుగుకు, ట్రాట్ నుంచి కాంటర్ అనే తాపీ దౌడుకు, మళ్లీ వెనక్కి మార్పించే సాధన బరువును వెనక కాళ్ల మీదికి తెస్తుంది. పందెపు గుర్రానికి ఇదే అన్నిటికన్నా అవసరం. ఆరేడు మీటర్ల అంగ వేసే గుర్రం దూకు మైదానాల కొలతకు మూలమైన 3.6 మీటర్ల అంగలో తాపీగా సాగగలిగే దాకా దాన్ని కర్ర దగ్గరికి తేకూడదు. ఆదిలాబాద్ వైపు గుట్టల దారులు ఇందుకు వరం. మెత్తటి వాలు మీద పైకి నడిపిస్తే వెనక ఒంటి కండ గట్టిపడుతుంది, మూపు లేవడం అలవాటవుతుంది. పెద్ద నగరంలో డబ్బు పెట్టినా దొరకని సౌకర్యం ఇది.

తర్వాత నేల మీద కర్రలు. ట్రాట్‌కు కర్రకూ కర్రకూ మధ్య 1.2 నుంచి 1.4 మీటర్లు ఉంచి నాలుగైదు పరుస్తారు. పొట్టి మార్వాడీ కలగలుపు గుర్రానికి ఈ దూరం ఇంకాస్త తగ్గాలి. అడుగు కుదిరాక కర్రల చివరలను ఒకటి విడిచి ఒకటి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తుతారు. గుర్రం తల దించి, తన కాళ్లను తానే చూసుకుని, మోకాలు మడిచి జబ్బ కదిలిస్తుంది. ఎవరూ కొట్టలేదు. అజాగ్రత్తగా వేస్తే గిట్ట కర్రకు తగిలి చప్పుడవుతుంది, అంతే. ఆ చప్పుడుకు కారణం తన అడుగేనని గుర్రానికి తెలుస్తుంది.

ఆ తర్వాత గుణకారపు గుర్తులా కట్టిన కర్రలు, మధ్యలో 40 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తు. పక్కలు ఎత్తుగా ఉండటంతో గుర్రం మధ్యకే వస్తుంది, రెండు మోకాళ్లూ సమంగా తేవాల్సి వస్తుంది. దీనికి ముందు 2.4 నుంచి 2.7 మీటర్ల దూరంలో ఒక కర్రను నేల మీద పెడితే ట్రాట్‌లో వచ్చిన గుర్రం సరిగ్గా లేవాల్సిన చోట లేస్తుంది. ఈ ఒక్క నేల కర్ర చేసే మేలు గుర్తించని వాళ్లే పుట్టుక గురించి ఎక్కువ మాట్లాడతారు. నిన్నటి దాకా కాలు వేలాడేసిన గుర్రం ఆ కర్ర వల్ల సమయం దక్కి అదే రోజు మోకాళ్లు పైకి తెస్తే, లోపం రక్తంలో ఉందనడానికి ఇంకేం మిగిలింది? అవతలి వైపు 2.7 నుంచి 3 మీటర్లలో ఇంకో కర్ర పెడితే దిగాక ఉరికే అలవాటు కూడా తగ్గుతుంది.

ముంగాళ్లు నిదానంగా ఎత్తే గుర్రానికి బౌన్స్ సాధన బాగా పనిచేస్తుంది. రెండు మూడు చిన్న అడ్డాలను మధ్యలో అంగ పట్టనంత దగ్గరగా పెడతారు. ట్రాట్‌లో వస్తే 2.7 నుంచి 3 మీటర్లు, కాంటర్‌లో వస్తే 3 నుంచి 3.3. దిగిన ముంగాళ్లు వెంటనే నేలను తన్ని లేవాలి, ఆలస్యానికి చోటు లేదు. మూపును లేపే కండరాలకు ఇంతకన్నా నేరుగా తగిలే సాధన లేదు, అందుకే ఇది అలసట కూడా త్వరగా తెస్తుంది. ఎత్తు అరమీటరు దాటనవసరం లేదు. మూడు నాలుగు సార్లు బాగా చేస్తే ఆ రోజుకు చాలించాలి.

ఇవి కుదిరాక వరుస అడ్డాలు, అంటే గ్రిడ్. ట్రాట్‌లో గుణకారపు అడ్డం, అక్కడి నుంచి 5.5 మీటర్లలో ఒక వర్టికల్, అంటే నిలువు అడ్డం, దాని తర్వాత 6.4 మీటర్లలో ఒక ఆక్సర్, అంటే ముందూ వెనకా రెండు కర్రలున్న వెడల్పు అడ్డం. మధ్యలో ఒక్కో అంగ పడుతుంది. దూరాలు ముందే కుదిర్చినవి కనుక రౌతు లెక్క తప్పినా గుర్రం తప్పదు. ఆక్సర్ మొదట వెనక కర్ర ఎత్తుగా, ముందు కర్ర పొట్టిగా ఉండాలి. ఆ ఆకారం గుర్రాన్ని గుండ్రంగా దూకిస్తుంది. తర్వాత రెండూ సమానం చేసి, ఎత్తు 80 సెంటీమీటర్ల దగ్గరే ఉంచి, వెడల్పును మెల్లగా మీటరు దాకా పెంచుతారు. వెడల్పు దాటాలంటే మడిచిన కాళ్లను ఇంకాస్త సేపు మడిచే ఉంచాలి. ఎత్తు పెంచి సాధించబోయి విఫలమైన మార్పు చాలా గుర్రాల్లో ఇలా వెడల్పుతో వస్తుంది.

వంకరగా దూకే గుర్రానికి, ఒక కాలు కింద ఉంచే గుర్రానికి పై కర్ర మీద రెండు కర్రల చివరలు ఆనించి, కింది చివరలు రెండు పక్కలా నేల మీద ఉండేలా దారి కడతారు. పైన మధ్య ఖాళీ మీటరుకు కాస్త ఎక్కువ ఉండాలి. గుర్రం నడిమికి వచ్చి జబ్బలు ఎత్తుతుంది. ఆనించిన కర్రలు తాకగానే జారిపడేలా ఉండాలి. అడ్డానికి మరీ దగ్గరగా వచ్చే గుర్రానికి వర్టికల్ ముందు నేల కర్రను 30 నుంచి 50 సెంటీమీటర్లు ముందుకు జరపాలి. కొందరు దీనికి విరుద్ధంగా నేల కర్రను అడ్డం వెనక పెట్టి గుర్రాన్ని 'మేల్కొల్పుతారు'. గుర్రం నేల గీతను బట్టే దూరం అంచనా వేస్తుంది, ఆ గీతనే అబద్ధం చేస్తే అది తాకి నొప్పి పడుతుంది. దెబ్బ వాదం ఇక్కడ ఇంకో వేషంలో వచ్చింది.

సామగ్రి గురించి కొంత చెప్పాలి. వెదురు తేలిక, చీలుతుంది, చీలిన అంచు కాలు కోస్తుంది. కాగజ్‌నగర్ పేపరు మిల్లు చుట్టుపక్కల పెరిగే జామాయిల్ కర్ర పది సెంటీమీటర్ల మందంలో నిటారుగా దొరుకుతుంది, చెక్కు తీస్తే సరిపోతుంది. కర్రను కట్టడం, మేకు కొట్టడం ఎప్పుడూ పనికిరాదు, తాకితే పడాలి. గుర్రం కంటికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియదు. ఎర్ర చెలక మీద రంగు వేయని కర్ర దానికి నేలలో కలిసిపోతుంది. బ్రిటన్ పందెపు మైదానాల్లో అడ్డాల మీది నారింజ రంగును తెలుపుకు మార్చింది ఈ కారణంతోనే. తెల్ల సున్నపు పట్టీలు వేసినంత మాత్రాన కొన్ని గుర్రాల లేచే చోటు మెరుగవుతుంది. ఇక నేల. కరీంనగర్ చెలకలు ఈ పనికి అనువు. ఆదిలాబాద్ రేగడి వానల్లో గిట్టను పట్టేస్తుంది, ఎండల్లో నెర్రెలు తీస్తుంది. రెండూ కీళ్లకు చేటు, ఇసుక పోయక తప్పదు. రామగుండం వైపు ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రోజుల్లో పొద్దు పొడిచే వేళకే సాధన ముగించాలి. దూకు సాధన వారానికి రెండుసార్లకు మించకూడదు, వరుస రోజుల్లో అసలే కూడదు. కండరం గట్టిపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పది రోజులు చేయించి 'మారలేదు' అనేవాళ్ల మాట అందుకే లెక్కలోకి రాదు.

గుర్రం లోపంగా రాసుకునే వాటిలో చాలా వాటికి కర్త పైన కూర్చున్నవాడు. లేవకముందే మెడ మీదికి వాలిన రౌతు తన బరువంతా ముంగాళ్ల మీద వేస్తాడు, ఆ బరువుతో అవి ఎలా లేవాలి? గాల్లో పగ్గం లాగితే గుర్రం మెడ చాచలేదు, వెన్ను కుంగుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా అశ్వికదళాల్లో అడ్డం మీద వెనక్కి వాలి పగ్గం లాగడమే సరైన పద్ధతిగా నేర్పేవారు. ఇటలీ సైనికాధికారి ఫెదెరికో కాప్రిల్లీ దాన్ని తలకిందులు చేసి, గుర్రం మెడను స్వేచ్ఛగా వదిలి రౌతు ముందుకు వంగి దాని కదలికతో సాగాలన్నాడు. 1902లో ఆయన 2 మీటర్ల 8 సెంటీమీటర్ల ఎత్తు దూకించాడు. 1907లో ఆయన చనిపోయేనాటికే ఆ పద్ధతి ఇతర దేశాల సైన్యాలకు చేరుతోంది. గుర్రాల రక్తం ఆ కొద్ది ఏళ్లలో మారలేదు. మారింది కూర్చునే తీరు, దానితో దూకు. శివరాంపల్లిలోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణార్థులకు స్వారీ ఇప్పటికీ పాఠాల్లో భాగం. అలా కొత్తగా జీను ఎక్కే ఎవరికైనా ముందు తమ చేతులూ నడుమూ సరిదిద్దుకోవడం నేర్పాలి, గుర్రం కాళ్ల మీద నింద తర్వాత.

సాధనకు హద్దులు ఉన్నాయి. ఎనిమిది వారాల పని జబ్బ ఎముక కోణాన్ని మార్చదు. నిలువు జబ్బ గుర్రం వాలు జబ్బ గుర్రమంత ఎత్తుకు మోకాలు తేలేదు, తన ఒంటికి సాధ్యమైనంత ఎత్తుకు, సమంగా, వేళకు తేవడం మాత్రం నేర్చుకుంటుంది. కొన్ని గుర్రాల్లో కారణం నొప్పి. గిట్ట ముందు భాగం పెరిగిపోయి నాడా మార్చాల్సి వచ్చి ఉండవచ్చు, జీను జబ్బ మీద ఒత్తుతూ ఉండవచ్చు, పందేల నాటి స్నాయువు గాయం పూర్తిగా మానకపోయి ఉండవచ్చు. ఎప్పుడూ ఒకే కాలు కింద ఉంచే గుర్రాన్ని, నిన్నటి దాకా బాగా దూకి ఇవాళ వేలాడేసిన గుర్రాన్ని సాధనకన్నా ముందు పశువైద్యుడికి చూపాలి. వైద్యుడు చూసి, నాడా, జీను సరిచేసి, ఓపికగా వారాల తరబడి నేర్పినా మోకాళ్లు నేలవైపే ఉంచే గుర్రాలు కొన్ని ఉంటాయి. వాటిని కదలని అడ్డాల మీదికి తీసుకుపోకూడదు. చదును నేల మీది స్వారీ, కొత్తవాళ్లకు తొలి పాఠాలు, గుట్టల దారుల్లో షికారు వాటికి తగిన పనులు.